యాభై ముందు రెండు: మా ఊరి తిరునాళ్ల పెద్దలకు ఒక ఆడపడుచు బహిరంగ లేఖ

మా ఊరి సర్పంచ్ గారికి, తిరునాళ్ల కమిటీ పెద్దలకు, గుడి కార్యనిర్వహణాధికారి గారికి, దుకాణాల దగ్గర ఆశీలు రుసుము వసూలు చేసే హక్కును వేలంపాటలో పాడుకున్న పాటదారు గారికి, బందోబస్తుకు వచ్చిన పోలీసు, విద్యుత్ అధికారులకు,

నమస్కారాలు.

మీలో సగం మంది నాకు వరసకు అన్నయ్యలు, బాబాయిలు, మామయ్యలు. ఇంటికొచ్చి అడిగితే "చూద్దాంలేమ్మా, ముందు కాఫీ తాగు" అంటారని తెలుసు. అలాగే అన్నారు. తాగాను. అది మార్చి నెల సంగతి. తర్వాత పంచాయతీలో అర్జీ ఇస్తే అది గుడివాళ్ల వ్యవహారం అన్నారు. గుడి ఆఫీసులో ఇస్తే కమిటీని అడగమన్నారు. కమిటీకి ఆఫీసు లేదు, లెటర్‌హెడ్డు మాత్రం ఉంది. చివరికి సోమవారం అర్జీల్లో ఇచ్చి రసీదు తీసుకున్నాను. పన్నెండు రోజులకు నా ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో నాకూ తెలియదు, బహుశా మీకూ తెలియదు. సమాచార హక్కు చట్టం కింద నాలుగు ప్రశ్నలు అడిగాను. 30 రోజుల్లో ఇవ్వాల్సిన జవాబు ఇంతవరకూ రాలేదు. అందుకే ఈసారి ఊరంతా చదివేలా రాస్తున్నాను.

బాగున్నవి ముందే చెప్పేస్తాను. ఊరేగింపుకు ఎత్తుగా నిలబెట్టే ప్రభలు కన్నులపండువగా కట్టారు. అన్నదానంలో గోంగూర పప్పు నిజంగా బాగుంది, మావారు రెండుసార్లు వేయించుకున్నారు. ఇక విషయానికి వస్తాను.

ఫాల్గుణ పౌర్ణమికి ఊరి ఆడపడుచులం పుట్టింటికి రావడం ఆనవాయితీ. సంక్రాంతికి రాకపోయినా తిరునాళ్లకు వస్తాం. ఈ ఏడు మా అమ్మ, నేను, మావారు, మా వదిన, పదకొండేళ్ల మేనకోడలు, తొమ్మిదేళ్ల మా పాప, అయిదేళ్ల మా బాబు, మొత్తం ఏడుగురం రెండు బండ్ల మీద బయల్దేరాం. అన్నయ్య ప్రభ దగ్గరే ఉన్నాడు, ఆ రోజు వాడు ఇంటి మనిషి కాదు. నా చిన్నప్పుడు ఇదే కొండ కిందికి ఎడ్లబండి మీద వెళ్లేవాళ్లం. నాన్న చేతిలో పది రూపాయలు పెడితే రంగులరాట్నం ఎక్కి, పీపీ కొనుక్కుని, పాకం జీళ్లు తిని, ఇంకా చిల్లర మిగిల్చి తెచ్చి అమ్మకిచ్చేదాన్ని. ఆ ధరలు ఇప్పుడూ ఉండాలని అడిగేంత తెలివితక్కువదాన్ని కాదు. ఇంటి ఖర్చు రోజూ రాసే అలవాటు కాబట్టి ఆ రోజు ఖర్చు మాత్రం మీ ముందు పెడుతున్నాను.

పార్కింగ్ రెండు బండ్లకు 100. కొబ్బరికాయ, పూలు, కర్పూరం 120. నీళ్ల సీసాలు ఆరు, 180. చెరుకు రసం ఏడుగురికి 210. బజ్జీలు 150. జెయింట్ వీల్ ముగ్గురికి 240. బాబుకు రంగులరాట్నం 50. గాజులు 160, బొమ్మలు 250, ఇంటికి ఖర్జూరం, జీళ్లు 200. మొత్తం 1,660 రూపాయలు. మా ఊళ్లో మిరప కోతకు వెళ్లే ఆడమనిషికి ఇది నాలుగు రోజుల కూలి పైమాటే. మేం భరించగలం. మా వెనకే నడిచొచ్చిన కుటుంబంలో తల్లి ఇద్దరు పిల్లలకు ఒక చెరుకు రసం కొని, రెండో గ్లాసు ఖాళీది అడిగి సగం సగం పోసింది. చూశాను కాబట్టి రాస్తున్నాను.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ సాయంత్రం ఏడు గంటల నుంచి ఏడూ నలభై వరకు ఏం జరిగిందో చెబుతాను. నా ఫిర్యాదంతా ఆ నలభై నిమిషాల్లోనే ఉంది.

జెయింట్ వీల్ ఎక్కుతామని ఆడపిల్లలిద్దరూ పేచీ పెడితే మావారు వాళ్లతో ఎక్కారు. కింద నేను, అమ్మ, వదిన, బాబు. వాళ్లు కూర్చున్న తొట్టి గడియ దగ్గర ఏదో మెరిసింది. దగ్గరికెళ్లి చూస్తే గడియకు మేకు లేదు. ఆ కంతలోంచి బైండింగ్ వైరు దూర్చి, రెండు మెలికలు తిప్పి వదిలారు. ఇంటి స్లాబుకు ఊచలు కట్టే వైరు అది. "ఏం బాబూ, ఇది?" అని అడిగాను. నడుపుతున్న కుర్రాడికి మీసం కూడా రాలేదు. "ఏం కాదు మేడం, రోజూ ఇంతే" అని లివర్ ఎత్తాడు.

మూడు చుట్లు తిరిగిందో లేదో కరెంటు పోయింది.

అసలు సంగతి తర్వాత తెలిసింది. కరెంటు పోలేదు, తీశారు. ప్రభలు తీగల కింది నుంచి దాటాలి కాబట్టి విద్యుత్ సిబ్బంది లైను ఆపారు. అది సరైన పనే, ఆపకపోతే ఇంకో రకం ఉత్తరం రాయాల్సి వచ్చేది. కానీ ఆపుతున్నామని జెయింట్ వీల్ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్ల దగ్గర జనరేటర్ లేదు. ప్రభలకు వాటి జనరేటర్లున్నాయి, ధగధగా వెలుగుతూ వస్తున్నాయి. స్టేజీ మీద మైకుకు జనరేటర్ ఉంది. మనుషులు ఎక్కిన చక్రానికి మాత్రం లేదు. నా బిడ్డ చీకట్లో పైన వేలాడుతోంది, కింద నేను తలెత్తి చూస్తూ ఆ బైండింగ్ వైరు గురించే ఆలోచిస్తున్నాను. కుర్రాళ్లు నలుగురు తొట్లు పట్టుకుని చేత్తో చక్రాన్ని లాగి ఒక్కొక్కరినీ దించారు. మావాళ్ల వంతు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పాప దిగేసరికి అరచేతులు రెండూ తుప్పు రంగులో ఉన్నాయి, అంత గట్టిగా కడ్డీ పట్టుకుంది.

దాన్ని ఎత్తుకుని పక్కకు తిరిగితే బాబు లేడు.

వాడి చెయ్యి వదిన పట్టుకుందని నేను, నేను పట్టుకున్నానని వదిన. అప్పుడే మొదటి ప్రభ సంత వీధిలోకి వచ్చింది, జనం ఒక్కసారిగా తోసుకున్నారు. పోలీసు టెంటుకు పరుగెత్తితే కుర్చీలున్నాయి, మనుషులు లేరు. ఉన్న నలుగురూ ప్రభ ముందు తాడు పట్టుకుని ఉన్నారు, వాళ్లను అనడానికి లేదు. మైకు దగ్గరికి వెళ్లాను. మైకులో ఒక బాబాయి చందాదారుల పేర్లు చదువుతున్నారు. ఫలానా వారు 5,116 రూపాయలు, ఫలానా వారు 1,116 రూపాయలు. బాబు తప్పిపోయాడు, నీలం చొక్కా, ఒక్కసారి చెప్పండి అని ఏడుస్తూ అడిగాను. చేత్తో ఆగమని సైగ చేసి, "ఈ పేజీ అయిపోనీయమ్మా" అన్నారు.

ఆ పేజీలో ఎన్ని పేర్లున్నాయో నాకు తెలియదు. పేర్లయ్యాక చెప్పారు కూడా. డీజే పెట్టెల మోతలో పది గజాల దూరంలో నాకే వినపడలేదు.

బాబును పట్టుకున్నది మా మేనకోడలు. గాజుల దుకాణాల వరస చివర, నేల మీద గోనెపట్టా పరుచుకుని జీళ్లు అమ్ముకునే ఒక మామ్మ దగ్గర కూర్చుని ఉన్నాడు. వాణ్ణి తన ఒడికీ, బుట్టకీ మధ్య ఇరికించి, కొంగు కొసను వాడి మొలతాడుకు ముడేసింది. చేతిలో జీడి పెట్టింది, నోటి చుట్టూ నువ్వులు. "ఎటూ పోకుండా కట్టేశా తల్లీ, నువ్వే ఎతుక్కుంటా వత్తావని" అంది. బుడగలమ్మే పిల్లాణ్ణి మైకు దగ్గరికి పంపిందట. స్టేజీ దగ్గర వాలంటీర్లు వాణ్ణి రానివ్వలేదట, బుడగలతో వచ్చాడని.

నేను డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. కనీసం అరకిలో జీళ్లు కొంటానంటే సరే అని తూస్తూ, రొంటిన దోపుకున్న చీటీ తీసి చూపించింది. "ఇందులో ఎంతుందో చదివి చెప్పమ్మా, నాకు రాదు" అంది. గులాబీ రంగు చీటీ. పైన ఆశీలు అని అచ్చు, కింద రూ. 50 అని అచ్చు. ఆ యాభైకి ముందు బాల్‌పెన్నుతో ఒక 2. పుస్తకం నంబరు ఉండాల్సిన చోట ఖాళీ. పొద్దున ఒకటి, దీపాలు పెట్టే వేళ ఇంకొకటి, రెండుసార్లు వసూలు చేశారు. "అయిదొందలు. రెండు కిలోల జీళ్లు ఆళ్ల నోట్లోకే పోయినయ్యి" అంది. పాకం కాచి, మేకుకు వేసి లాగి, కత్తిరించి, నెత్తిన పెట్టుకుని వచ్చిన జీళ్లు అవి. ఆమెది ఏ ఊరో ఇక్కడ రాయడం లేదు. రాస్తే వచ్చే ఏడు ఆమెకు గోనెపట్టా పరుచుకునే చోటు కూడా ఉండదు.

ఆ చీటీ చూశాకే నాకు తిరునాళ్ల లెక్క అర్థమైంది. బండి పెట్టే పొలానికి పాట, దుకాణాలకు పాట, కొబ్బరికాయలకు పాట, తలనీలాలకు పాట. పాట ఈసారి లక్షల్లో హెచ్చిందని మీరే మైకులో గొప్పగా చెప్పారు. పాడుకున్నవాడు హెచ్చిన డబ్బు ఎక్కడి నుంచి రాబట్టుకుంటాడు? మామ్మ దగ్గర 50 పక్కన 2 చేరుతుంది, నా నీళ్ల సీసా మీద పది చేరుతుంది, చెరుకు రసం గ్లాసులో ఐసు చేరుతుంది. ఇన్ని పాటల్లో తప్పిపోయిన పిల్లాడి బాధ్యత ఎవరూ పాడుకోలేదు. నా కొడుకును కాపాడింది, మీరు అందరికంటే ఎక్కువ పిండుకున్న మనిషి.

మనం తిరునాళ్ల అంటాం, కోనసీమలో తీర్థం, తెలంగాణలో జాతర, సీమలో పరస. దర్గా దగ్గరైతే ఉరుసు. పేరు ఏదైనా వచ్చేది ఒకే రకం జనం, సంవత్సరంలో ఒక్క రోజు పిల్లలను బయటికి తీసుకెళ్లే జనం. కోటప్పకొండ తిరునాళ్లంటే ముందే అధికారుల సమీక్షలుంటాయి, ఆర్టీసీ ప్రత్యేక బస్సులుంటాయి. మేడారానికి రెండేళ్లకోసారి రాష్ట్రమంతా కదులుతుంది. జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో శకటంగా చూపించి మురిసిపోయాం. మంచిదే. మనలాంటి చిన్న తిరునాళ్లను మాత్రం పాట పెట్టడానికి తప్ప ఎవరూ పట్టించుకోరు.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి.

1. ఆశీలు రేట్లు బోర్డు మీద రాయండి. దేనికి ఎంతో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి సంత వీధి మొదట్లో, చివర్లో పెట్టండి. రసీదు పుస్తకాలకు వరస నంబర్లు, పంచాయతీ ముద్ర ఉండాలి. ఒక రోజుకు ఒకే చీటీ. తల మీద బుట్టతో వచ్చి నేల మీద కూర్చునేవాళ్లకు, చేత్తో బుడగలు, పీపీలు పట్టుకు తిరిగేవాళ్లకు ఆశీలు పూర్తిగా ఎత్తేయండి. వాళ్ల దగ్గర వచ్చేది మీ పాటలో ఏ మూలకూ రాదు. రేటుకు మించి వసూలు చేస్తే డిపాజిట్టు జప్తు అనే షరతు పాట కాగితంలోనే రాయండి. పాటదారు గారికి ఒక మాట: పాట హెచ్చిందని మీకు నష్టం రావచ్చు, ఆ నష్టాన్ని చదువురాని ముసలమ్మ చీటీ మీద పెన్నుతో దిద్దుకోవడం ఏ వ్యాపారం?

2. రాట్నాలు, జెయింట్ వీళ్ల మీద ఇక "ఏం కాదు మేడం" చెల్లదు. 2019 మే నెలలో అనంతపురంలో ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ తొట్టి ఊడిపడి ఒక పాప చనిపోయింది. అదే ఏడు జూలైలో అహ్మదాబాద్ కాంకరియా దగ్గర ఊయల యంత్రం విరిగి ఇద్దరు పోయారు. 2024 మేలో రాజ్‌కోట్ గేమ్ జోన్ మంటల్లో 27 మంది కాలిపోయాక గుజరాత్ ప్రభుత్వం ఇలాంటి వినోద యంత్రాలకు ప్రత్యేకంగా భద్రతా నిబంధనలు తెచ్చింది. ఈ యంత్రాలు ఎలా ఉండాలో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 15475 అని రాసిపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మన తిరునాళ్లలో బిగించే చక్రాన్ని నిన్న లారీ మీద తెచ్చి ఈ రోజు నిలబెడతారు, రేపు విప్పేస్తారు. బిగించిన ప్రతిసారీ చూడాలి. నేను అడిగేది పెద్దదేమీ కాదు: ఇంజనీరు చూసి సంతకం పెట్టిన కాగితం లేనిదే మొదటి టికెట్టు చించకూడదు. ఆ కాగితం టికెట్ల కిటికీ పక్కన అతికించాలి. ఒక్కో తొట్టిలో ఎంతమందో, ఏ వయసు వాళ్లు ఎక్కకూడదో రాయాలి. నడిపేవాడు పద్దెనిమిదేళ్లు దాటినవాడై ఉండాలి. ఆపద వేళకు జనరేటర్ తప్పనిసరి. ఎక్కినవాళ్ల పేరున బీమా ఉండాలి. ఈ ఏడు మన చక్రానికి అనుమతి ఎవరిచ్చారు, ఏ కాగితం చూసి ఇచ్చారు అని నేను సమాచార హక్కు కింద అడిగిన ప్రశ్నల్లో ఒకటి. జవాబు ఎవరి దగ్గరా లేదంటే అసలు కాగితమే లేదని అనుకోవాలా?

3. లైను ఆపే ముందు పావుగంట ముందే మైకులో చెప్పండి. ప్రతి యంత్రం దగ్గరికీ మనిషిని పంపండి. చక్రాలు ఖాళీ అయ్యాకే లైను ఆపండి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

4. మైకు ముందు తప్పిపోయినవాళ్లకు, తర్వాత చందాలకు. చందా ఇచ్చినవారి పేర్లు ఫ్లెక్సీ మీద రాయండి, వాళ్లూ సంతోషిస్తారు, ఫొటో దిగుతారు. మైకు పక్కనే ఒక టెంటు, అందులో ఇద్దరు ఆడవాళ్లు, ఒక పోలీసు, తాగే నీళ్లు. తప్పిపోయిన పిల్లలూ ముసలివాళ్లూ అక్కడికే రావాలి. శబరిమలలో పిల్లల చేతికి ఫోను నంబరు రాసిన బ్యాండు కడతారు. మనం వచ్చే దారిలో నలుగురు కాలేజీ పిల్లలను కూర్చోబెట్టి, కాగితపు పట్టీ, పెన్ను ఇస్తే చాలు. డీజేల గురించి కూడా చెప్పాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పండగలకు ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలించవచ్చు, అది కూడా ఏడాదికి 15 రోజులకు మించకుండా. మన ప్రభల పెట్టెలు తెల్లారుజామున మూడింటికి కూడా మోగాయి. నా చిన్నప్పుడు డప్పులూ సన్నాయీ మధ్య కూడా పిల్లాడి ఏడుపు వినపడేది.

5. మరుగుదొడ్లు. దీని గురించి ఊరి పెద్దలకు రాయడానికి సిగ్గుపడాల్సింది నేను కాదనుకుంటున్నాను. ఈ ఏడు ఒక ఇనుప డబ్బా తెచ్చి పెట్టారు, దానికి తాళం వేశారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి అరగంట, తీశాక చూస్తే నీళ్లు లేవు. మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, షుగర్ ఉంది. వదినా నేనూ మిరప కళ్లం వెనక సర్కారు తుమ్మ చాటుకు తీసుకెళ్లి, చెరో కొసా చీర పట్టుకుని నిలబడ్డాం. మాకు ముందు ఇంకో ముగ్గురు వరసలో ఉన్నారు. తిరునాళ్ల రోజు మా ఊరి ఆడవాళ్లు పొద్దున్నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. మార్చి ఎండలో, పొంగళ్లు పెట్టే పొయ్యిల దగ్గర. ఈ సంగతి కమిటీలో ఉన్న పద్నాలుగు మందిలో ఒక్కరికీ తెలియదు, పద్నాలుగు మందీ మగవాళ్లే. వచ్చే ఏడు కమిటీలో డ్వాక్రా సంఘాల నుంచి కనీసం నలుగురిని తీసుకోండి. ఆడవాళ్ల మరుగుదొడ్ల ఏర్పాటు, డబ్బు, తాళంచెవి వాళ్ల చేతికివ్వండి. పదో ఇరవయ్యో పెట్టండి, నీళ్ల ట్యాంకరు దగ్గర నిలపండి, రాత్రికి దీపం పెట్టండి.

6. తాగునీరు ఉచితంగా, నాలుగు చోట్ల. సీసాల మీద ముద్రించిన ధర కంటే పది రూపాయలు ఎక్కువ తీసుకోవడం చట్టవిరుద్ధం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 కూడా ఆ రేట్ల బోర్డు మీదే రాయించండి.

7. ప్రభల ఎత్తు, దారి, తీగలు. ఈసారి లైను ఆపినందుకు విద్యుత్ సిబ్బందికి దండం పెడుతున్నాను. 2022 ఏప్రిల్‌లో తంజావూరు దగ్గర కలిమేడులో రథం కరెంటు తీగకు తగిలి 11 మంది పోయారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి తీగ తగిలి అయిదుగురు పోయారు. మన ప్రభలు ఏటేటా ఎత్తు పెంచుకుంటున్నాయి, పక్కూరి ప్రభ కంటే ఒక అడుగు ఎక్కువ ఉండాలని పంతం. ఆ పంతం మా అన్నయ్యకూ ఉంది, ఇంట్లో పోరు పెట్టాను. ఎత్తుకు ఒక హద్దు రాసుకోండి, అన్ని ఊళ్లవాళ్లూ కూర్చుని. అలాగే బజ్జీల బండ్ల సిలిండర్లు బొమ్మల దుకాణాల టార్పాలిన్లకు ఆనుకుని ఉన్నాయి. 2019 జనవరిలో హైదరాబాద్ నుమాయిష్‌లో దుకాణాలు ఎలా కాలిపోయాయో అందరం టీవీలో చూశాం. పొయ్యిలన్నీ ఒక వరసలో, విడిగా, రెండు నీళ్ల డ్రమ్ములతో పెట్టించండి. అగ్నిమాపక వాహనం వచ్చే దారిలో దుకాణాలు వద్దు.

8. లెక్క చెప్పండి. పాటల్లో ఎంత వచ్చింది, చందాలు ఎంత, ప్రభలకు ఎంత, డీజేకు ఎంత, నీళ్లకు, మరుగుదొడ్లకు ఎంత. గ్రామసభలో చదవండి. ఇది నా సమాచార హక్కు దరఖాస్తులో రెండో ప్రశ్న. అది మా ఆఫీసుది కాదని నోటిమాటగా చెప్పి పంపేశారు. కాకపోతే అయిదు రోజుల్లోగా సంబంధిత ఆఫీసుకు మీరే పంపాలని ఆ చట్టం 6(3) సెక్షన్ చెబుతోంది. నన్ను తిప్పమని చెప్పలేదు.

ఇందులో ఎవరినీ జైల్లో వెయ్యమని అడగలేదు, నష్టపరిహారం అడగలేదు. "ఏడాదికోసారి వచ్చేదానికి ఇంత రాద్ధాంతమా, పట్నం వెళ్లి నాగరికత నేర్చిందిలే" అని రచ్చబండ దగ్గర ఒక మామయ్య అన్నారట, వదిన చెప్పింది. మామయ్యా, నేను కాపురం చేస్తున్నది పట్నంలో కూడా కాదు, మీ మండలానికి పక్క మండలం. ఏడాదికోసారి వచ్చేది కాబట్టే అడుగుతున్నాను. మా పాప ఇప్పుడు లిఫ్టు ఎక్కమన్నా ఏడుస్తోంది. మా బాబుకు మాత్రం తిరునాళ్లంటే భలే ఇష్టం, కొంగుకు కట్టేసి జీడి పెట్టే మామ్మ ఉంటుందని.

వీటిలో 1, 3, 4, 8 నంబర్లకు పెద్దగా ఖర్చు లేదు. వచ్చే గ్రామసభలోనే తీర్మానం చేయవచ్చు. 2, 5, 6, 7 లకు డబ్బూ, అధికారుల సంతకాలూ కావాలి. అందుకే ఇప్పుడే, ఎనిమిది నెలల ముందే రాస్తున్నాను. ఏది చేస్తారో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా చెప్పండి. పంచాయతీ నోటీసు బోర్డు మీద అతికించినా చాలు, నా ఒక్కదానికే పోస్టులో పంపనక్కర్లేదు.

ఆ గులాబీ చీటీని మామ్మ నాకే ఇచ్చేసింది, "నాకెందుకమ్మా" అని. ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచాను. వచ్చే ఏడు పాట ఎప్పుడో టముకు వేయించండి. ఆ రోజు దాన్ని తీసుకుని నేనూ వస్తాను. కాఫీ వద్దు.

ఇట్లు,
మీ ఊరి ఆడపడుచు